క్రియాటినిన్ తగ్గాలి, బరువు తగ్గాలి, ఇప్పుడు నేనూ తగ్గాలట

ప్రశ్న | పలాస టీచరమ్మ

అందరికీ వందనాలు. కొంచెం పొడుగు ప్రశ్న, ఓపికగా చదవండి.

మాది ఉద్దానం. శ్రీకాకుళం జిల్లా వాళ్లకు ఈ ఒక్క మాట చాలు, మిగతాది వాళ్లకే అర్థమవుతుంది. తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఈ చుట్టుపక్కల మండలాల్లో కొబ్బరి, జీడితో పాటు కిడ్నీ జబ్బు కూడా విరగకాస్తుంది. మా మామగారు దానితోనే పోయారు. మూడేళ్లుగా మా ఆయన వంతు. ఆటో నడిపేవారు. ఇప్పుడు సోమ, బుధ, శుక్రవారాలు పూటకు నాలుగు గంటలు డయాలసిస్ యంత్రం పక్కన పడుకుంటారు. నేను ఒక ప్రైవేటు పాఠశాలలో తెలుగు చెబుతాను. నా జీతం, ఆయనకు వచ్చే నెలకు 10,000 రూపాయల పింఛను, వీటితోనే ఇల్లు.

మా ఇంట్లో ఇప్పుడు ఏ మాట మొదలుపెట్టినా తగ్గడం దగ్గరే ఆగుతుంది. యంత్రం ఎక్కేముందు ఒకసారి, దిగాక ఒకసారి బరువు చూస్తారు. మధ్యలో తాగిన నీళ్లు ఒంట్లోనే నిలిచిపోతాయి కనుక ఆ రెండు మూడు కిలోలూ తగ్గాలి. ఉప్పు తగ్గాలి. పొటాషియం తగ్గాలి. కొబ్బరి తోటలో పుట్టి పెరిగిన మనిషికి కొబ్బరి నీళ్లు నిషేధం. బొండాలు దింపే రోజు ఆయన పెరటివైపు రారు.

అసలు గొడవ ఇది. రెండు నెలల కిందట ఒక రోజు డయాలసిస్‌కు ముందు క్రియాటినిన్ (కిడ్నీలు పనిచేయకపోతే రక్తంలో పేరుకునే వ్యర్థం) 9.8, దిగాక 4.1 అని రాసి ఇచ్చారు. ఆ సంగతి ఫోనులో మా తోడికోడలికి చెప్పాను. నా బుద్ధితక్కువ. ఆదివారం ఆరాధనలో పాస్టరు గారు మైకులో, "మన సహోదరునికి క్రియాటినిన్ సగానికి పైగా తగ్గింది, డాక్టర్లే ఆశ్చర్యపోయారు" అన్నారు. అందరూ స్తోత్రాలు చెప్పారు. డాక్టరు ఆశ్చర్యపోలేదండీ. తగ్గకపోతే ఆశ్చర్యపోయేవాడు. యంత్రం ఉన్నదే అందుకు. మళ్లీ రెండు రోజుల్లో పెరుగుతుంది. వచ్చే ఆదివారం లేచి సాక్ష్యం చెప్పమన్నారు. చెప్పలేనన్నాను.

ఆ తర్వాతి ఆదివారం వాక్యం యెహోషువ 7వ అధ్యాయం, ఆకాను. డేరాలో శాపితమైన సొమ్ము దాచిన ఒక్కడి వల్ల ఇశ్రాయేలంతా ఓడిపోయిన కథ. మా పేరు ఎత్తలేదు. ఎత్తాల్సిన అవసరమూ లేదు, అందరూ నా వైపే చూశారు. ఇంటికి వచ్చి ఏమి చేశానో చెబితే నవ్వుతారు. తలుపు వేసి ట్రంకు పెట్టె మొత్తం బోర్లించాను. ఆకాను దాచిన షీనారు పైవస్త్రం దొరకలేదు. నా పెళ్లి చీర, మునిగిపోయిన చీటీ కాగితాలు, మా మామగారి కళ్లజోడు దొరికాయి.

ఈ జబ్బు ఎందుకు వస్తోందని పరిశోధనలు ఏళ్ల తరబడి జరుగుతున్నాయి. నీళ్లంటారు, సిలికా అంటారు, ఎండలో పని అంటారు, నొప్పి మాత్రలంటారు. ఇదీ కారణమని ఇంతవరకూ తేల్చలేకపోయారు. మా సంఘంలో మాత్రం ఒక్క ఆదివారంలో తేలిపోయింది.

సంఘంలో ఒక అక్క నా చేయి పట్టుకుని, "నీకు అన్నీ ఉన్నాయమ్మా, తగ్గింపు ఒక్కటే లేదు. ఎందుకు ప్రభువా అని అడగకు, తగ్గించుకో" అంది. మా సంఘాల్లో తగ్గింపు అంటే వినయం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా జీడి చెట్లన్నీ పెకలించిన తెల్లవారుజామున కూడా నేను ఎందుకని అడగలేదు. ఊరంతా పడింది, అందరితో పాటే మేము. కిడ్నీ జబ్బూ ఊరందరిదే, కానీ ఒక్కొక్క ఇంటికి విడిగా వస్తుంది. విడిగా వచ్చినప్పుడే ఎందుకన్న మాట నోట్లోకి వస్తుంది.

నా ప్రశ్న: దేవుణ్ణి ఎందుకని అడగడం తగ్గింపు లేకపోవడమేనా? జరగని స్వస్థతకు సాక్ష్యం చెప్పకపోవడం అవిశ్వాసమా? పోనీ, లేచి రెండు ముక్కలు చెప్పేస్తే అందరికీ ప్రశాంతంగా ఉండేది కదా అని కూడా ఒక్కోసారి అనిపిస్తోంది.

జవాబు | నిరీక్షణ

వందనాలు సహోదరీ. దేవుని ప్రేమించేవారికి సమస్తమూ మేలు కోసమే సమకూడి జరుగుతాయి, రోమా 8:28. ప్రశ్నించడం సాతాను తెచ్చే శోధన. 21 రోజులు ఉపవాస ప్రార్థన చేయండి, అద్భుతం చూస్తారు. మేమూ ప్రార్థిస్తాము.

పలాస టీచరమ్మ

ప్రార్థనకు కృతజ్ఞతలు. ఉపవాసం మా ఇంట్లో మూడేళ్లుగా నడుస్తోంది సహోదరా, గ్లాసుల లెక్కన. రోజుకు లీటరు నీళ్లు కొలిచి సీసాలో పోసి పెడతాను. సాయంత్రానికి ఆయన ఆ సీసాను చూసే చూపు మీరు చూస్తే 21 అనే అంకె వేయరు.

జవాబు | పాత డ్రెస్సరు

అమ్మా, నేను విజయనగరం జిల్లాలో ఒక మిషన్ కుష్టు ఆసుపత్రిలో 31 ఏళ్లు పుండ్లకు కట్లు కట్టాను. వేదాంతం చదువుకోలేదు. తెలిసింది రాస్తాను, తప్పుంటే పెద్దలు దిద్దండి.

మొదట ఆకాను సంగతి. ఆ అధ్యాయంలో పాపం ఏమిటో, చేసినవాడు ఎవడో దేవుడే బయటపెట్టాడు. పక్కింటివాళ్లు ఊహించి చెప్పలేదు. పుట్టు గుడ్డివాణ్ణి చూపించి "ఎవడు పాపము చేసెను, వీడా, వీని కన్నవారా" అని శిష్యులు అడిగితే ప్రభువు ఇద్దరూ కాదన్నాడు, యోహాను 9. కుష్టు రోగుల వార్డులో ఈ మాట ఎన్నిసార్లు చదివి వినిపించానో లెక్కలేదు. ఒక్కొక్కరు మళ్లీ చదవమనేవారు. ఏ పాపమో తెలియక జబ్బు వచ్చినప్పటి నుంచి వెతుక్కుంటున్నవాళ్లు వాళ్లు. మీరు బోర్లించిన ట్రంకు పెట్టె వాళ్లందరి దగ్గరా ఉండేది.

ఎందుకని అడగడం గురించి. యోబు అడిగినంత గట్టిగా మీరు అడగలేదు, ఆ గ్రంథం మళ్లీ చదవండి. అతని స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నోరు మెదపకుండా నేల మీద కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే. నోరు తెరిచాక అంతా మీ ఆదివారం ప్రసంగమే. చివరికి దేవుడు కోపపడింది ఎవరి మీద? దేవుడి తరఫున వకాల్తా పుచ్చుకున్న ఆ స్నేహితుల మీద. "నా సేవకుడైన యోబు పలికినట్లు మీరు నన్నుగూర్చి యుక్తమైనది పలుకలేదు" అన్నాడు. అరిచినవాడి మాట యుక్తమైనదట, సర్దిచెప్పినవాళ్ల మాట కాదట. 88వ కీర్తన చివరి మాట చూడండి. "చీకటియే నాకు బంధువర్గమాయెను." అక్కడే ఆగిపోయింది. స్తోత్రం లేదు, హల్లెలూయా లేదు. దాన్ని కూడా కీర్తనల్లోనే ఉంచారు, తీసేయలేదు. పౌలు తన శరీరంలో ముల్లులా ఉన్న బాధను తీసేయమని ముమ్మారు వేడుకున్నాడు. గెత్సేమనే తోటలో ప్రభువే తన శ్రమల గిన్నె తొలగించమని అడిగాడు. వీళ్లెవరికీ తగ్గింపు లేదని ఎవరు అనగలరు?

ఇప్పుడు మీకు నచ్చని మాట ఒకటి చెబుతాను. మా ఆసుపత్రిలో రోజూ పొద్దున్న రోగుల పాదాలు నీళ్లలో నానబెట్టి, గట్టిపడిన చర్మం గీకి, నూనె రాసి కట్టు కట్టేవాళ్లం. ఒక పెద్దాయన ఉండేవాడు. ఒకప్పుడు పది ఎకరాల రైతు. నెల రోజులు పాదం ముట్టనివ్వలేదు. కులం పట్టింపు అనుకున్నాను, నేను మాల కుటుంబంలో పుట్టినవాణ్ణి కనుక. ఒక రోజు కోపమొచ్చి అడిగేశాను. "కులం కాదయ్యా, ఎవరి దగ్గరా చేయి చాచకుండా బతికాను, ఇప్పుడు నీ ముందు కాలు చాచలేను" అన్నాడు. నాకు పేతురు గుర్తొచ్చాడు. ప్రభువు తన పాదాలు కడగబోతే "నీవెన్నడును నా పాదములు కడుగరాదు" అన్నది భక్తితోనే. ఇంకొకరి పాదాలు కడగడం నాకు తేలికే, జీతమిచ్చేవారు కూడా. రిటైరయ్యాక మోకాలి ఆపరేషన్ జరిగి కోడలు స్నానానికి నీళ్లు తెచ్చిన రోజు మాత్రం గోడవైపు తిరిగి ఏడ్చాను. 31 ఏళ్లు నేను తగ్గింపు గలవాణ్ణని అనుకున్నానమ్మా. తగ్గింపు అంటే ఏమిటో ఆ బకెట్టు దగ్గర తెలిసింది.

మీ ఆయన రోజూ ఆ పని చేస్తున్నారు, యంత్రానికీ, నర్సుకూ, మీకూ చేయి ఇచ్చి. మీరు ఎవరికి ఇస్తున్నారు?

సాక్ష్యం అంటారా, చూసింది చెప్పడమే సాక్ష్యం. కోర్టులోనూ అంతే. చూడనిది చెబితే దానికి వేరే పేరుంది, పది ఆజ్ఞల్లో తొమ్మిదోది.

జవాబు | గుండ్లకమ్మ ఒడ్డు

టీచరమ్మ గారూ, మీరు తెలుగు చెబుతారు కనుక ముందు ఒక వ్యాకరణ సంగతి. ఫిలిప్పీ పత్రిక రెండో అధ్యాయంలో క్రీస్తు గురించి "తన్ను తాను తగ్గించుకొనెను" అని ఉంది. తగ్గించడం వేరు, తగ్గించుకోవడం వేరు అని మీ పిల్లలకు మీరే చెప్పి ఉంటారు. ఆ ‘కొను’ చేరితేనే అది సుగుణం. అది తీసేస్తే మిగిలేది ఇంకొకరు మనకు చేసే పని. మా పేటల్లో ఆ రెండో దాన్ని తరతరాలుగా అనుభవించాం కనుక ఈ తేడా మాకు తొందరగా పట్టుబడుతుంది.

మాది ఒంగోలు పక్క. 1866లో అమెరికా మిషనరీ క్లౌ దొర ఇక్కడ కాపురం పెట్టాక మొదట నమ్మినవాళ్లలో ఎక్కువమంది మాదిగలు. నమ్మిన తర్వాత వాళ్లు చేసినవి చూడండి. ఊరి జాతరల్లో డప్పు కొట్టం అన్నారు. చచ్చిన పశువు మాంసం తినం అన్నారు. ఆదివారం పనికి రాం అన్నారు. కరణాలు ఊరుకుంటారా? పనులు ఆపారు, నీళ్లు ముట్టనివ్వలేదు, కొట్టించారు. అప్పటి పెద్దమనుషుల లెక్కలో ఇది పొగరు, తగ్గింపు లేకపోవడం. ఆదివారం గుడిలో మోకాళ్ల మీద ఉన్నదీ, సోమవారం కరణం ముందు నిలబడి కుదరదన్నదీ ఆ మనుషులే. మా ఇంట్లో ఈ కథ చెప్పేటప్పుడు మా నాయనమ్మ ఎప్పుడూ రెండో భాగం దగ్గరే గొంతు పెంచేది.

ఇంకొకటి, ఇది మీ సాక్ష్యం గొడవకు దగ్గరగా ఉంటుంది. 1876-78 ధాత కరువులో క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వించే పని తీసుకుని వేలమందికి కూలీ ఇప్పించాడు. బాప్తిస్మం ఇమ్మని జనం వస్తూనే ఉన్నారు. కరువు పని సాగినంత కాలం ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. కూలి కోసం, గింజల కోసం నమ్మారన్న మాట రాకూడదని. కరువు సాయం ముగిశాక, 1878 జులై 3న, వెల్లంపల్లి దగ్గర మా గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజునే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. సభల్లో అందరూ ఆ అంకె చెప్పి చప్పట్లు కొడతారు. నాకు మాత్రం ఆ ముందు ఆపిన నెలలే గొప్పగా కనిపిస్తాయి. ఇవ్వడానికి ఏమీ లేని రోజున కూడా వస్తారా అని చూశాడు, వచ్చారు. మీ ఇంట్లో క్రియాటినిన్ తగ్గని రోజున కూడా మీరు ఆదివారం గుడికి వెళ్తున్నారా? మీ ప్రశ్న చదివితే వెళ్తున్నట్టే ఉంది. మీ పాస్టరు గారు ప్రకటించవలసింది ఆ సంగతి.

జవాబు | కోనసీమ సంఘపెద్ద

ఇంతవరకూ అందరూ ఒక పక్షమే మాట్లాడారు. నేను రెండో పక్షం మాట్లాడతాను, తిట్టినా ఫరవాలేదు.

మా సంఘం చిన్నది, నలభై కుటుంబాలు. పాస్టరు పని దగ్గరగా చూశాను. ప్రతి వారం ఎవరో ఒకరు ఏడుస్తూ వస్తారు. ఆయన చేతిలో మందు ఉండదు, డబ్బు ఉండదు, మాట ఒక్కటే ఉంటుంది. ఒక మంచి కబురు వినబడితే దాన్ని గట్టిగా పట్టుకుంటాడు. మీ క్రియాటినిన్ విషయంలో ఆయన తొందరపడ్డాడు, అది తప్పు. ఆకాను ప్రసంగం ఇంకా పెద్ద తప్పు, ఎవరైనా పెద్దవాళ్లు ఆయనతో ఏకాంతంగా మాట్లాడాలి. అబద్ధం చెప్పాలన్నది మాత్రం ఆయన ఉద్దేశం అయి ఉండదనుకుంటాను. రిపోర్టు చదవడం రాని మనిషి ఆశ అది.

అమ్మా, మీ రాత పదునుగా ఉంది. చదువుతుంటే నాకే నాలుగు చోట్ల కోసుకుంది. ఒకటి అడుగుతాను, కోపగించుకోకండి. మీకు తగ్గింపు లేదన్న ఆ అక్క ఇప్పుడు ఎక్కడ ఉంది? అలా అన్న తర్వాత మీ ఇంటికి రావడం మానేసిందా?

పలాస టీచరమ్మ

అందరికీ కలిపి రాస్తున్నాను. రాత్రి పదకొండయింది, దిద్దడానికి పిల్లల నోటుపుస్తకాలు ఇంకో ముప్పై ఉన్నాయి.

గుండ్లకమ్మ గారూ, ‘కొను’ సంగతి నాకు తట్టలేదు. ఎనిమిదో తరగతికి ఆ పాఠం చెప్పి పది రోజులు కాలేదు. సిగ్గుగా ఉంది.

సంఘపెద్ద గారూ, మీరు సరిగ్గా తగలవలసిన చోటే తగిలారు. ఆ అక్క రావడం మానలేదు. నాకు బుధవారం బడికి సెలవు దొరకదు. మూడేళ్లుగా ప్రతి బుధవారం ఆసుపత్రిలో మా ఆయన పక్కన కూర్చునేది ఆవిడే. జీడిపప్పు పొట్టు తీసే పని చేస్తుంది, ఆ రోజు కూలి పోగొట్టుకుని వస్తుంది. ఇడ్లీ తెస్తుంది, పచ్చడిలో ఉప్పు ఆయన కోసం తగ్గించి. ఈ సంగతి నా ప్రశ్నలో ఎందుకు రాయలేదని ఇప్పుడు ఆలోచిస్తున్నాను. రాస్తే నా వాదన బలహీనపడేది, అందుకే అయి ఉంటుంది.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను. పోయిన క్రిస్మస్‌కు సంఘం వాళ్లు 25 కిలోల బియ్యం బస్తా ఇస్తే తిప్పి పంపాను. మైకులో పేర్లు చదువుతారని. డ్రెస్సరు గారు రాసిన పెద్దాయన ఎవరో నాకు బాగా తెలుసు. ఆయనకు పది ఎకరాలు ఉండేవి, నాకు అవి కూడా లేవు.

అలాగని ఆకాను ప్రసంగం ఒప్పుకోను. లేచి స్వస్థత అని చెప్పను. ఈ రెండింటి దగ్గర నేను అక్కడే ఉన్నాను. రేపో ఎల్లుండో పాస్టరు గారి దగ్గరకు రిపోర్టులు తీసుకెళ్లి, ముందు అంకె ఏమిటో, తర్వాత అంకె ఏమిటో కూర్చుని చూపిస్తాను. అక్కను కూడా తోడు రమ్మని అడగాలి. ఫోను రెండుసార్లు చేతిలోకి తీసుకుని పెట్టేశాను. అడగడం నాకు చేతకాదు, చెప్పడమే అలవాటు.

మా ఆయనకు మీ జవాబులన్నీ చదివి వినిపించాను. 88వ కీర్తన దగ్గర కళ్లు మూసుకున్నారు, నిద్రపోయారనుకున్నాను. అంతా అయ్యాక, "సాక్ష్యం సంగతి తర్వాత చూద్దాం, ముందు చేయి చూడు" అన్నారు. ఎడమ చేతికి ఫిస్టులా ఉంది, డయాలసిస్ సూదులు గుచ్చేది అక్కడే. లోపల రక్తం పారుతున్నంత కాలం వేళ్లకు జుమ్మని తెలుస్తుంది. అది ఆగితే వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. రోజూ పడుకునే ముందు చూడమని నర్సు చెప్పింది. నేను వేళ్లతో కాదు, చెవి ఆనించి వింటాను. తుమ్మెద గదిలోకి వచ్చినట్టు ఉంటుంది.

విన్నాను, ఉంది. రేపు శుక్రవారం, పొద్దున్న అయిదున్నరకు బయలుదేరాలి. మిగతా పుస్తకాలు ఆసుపత్రి బెంచీ మీద దిద్దుకుంటాను.